ఎర్ర మట్టి దిబ్బల సున్నపు గడ్డలకి కార్బన్ డేటింగ్: నా అనుభవం

మా జూనియర్స్ ఇద్దరు ముగ్గురు ఒకటే అడుగుతున్నారు, అక్కా నువ్వు భీమిలి దగ్గర గడ్డలకి కార్బన్ డేటింగ్ చేయించావు కదా, ఎలా చేశావు, ఎంత టైం పడుతుంది, ఏం వయసొచ్చింది అని. ఫోన్‌లో చెప్తుంటే గంటలు పట్టేస్తోంది, పైగా ఒకళ్ళకి చెప్పింది ఇంకొకళ్ళకి చెప్పడం మర్చిపోతున్నా, అందుకే మొత్తం ఒకచోట రాసేస్తున్నా. జియాలజీ కాని వాళ్ళు కూడా చదవొచ్చు, మరీ అర్థంకాని భాష వాడను.

ఎర్ర మట్టి దిబ్బలంటే వైజాగ్ వాళ్ళకి చెప్పక్కర్లేదు. బయటి వాళ్ళ కోసం రెండు ముక్కలు. వైజాగ్ నుంచి భీమిలి వెళ్ళే బీచ్ రోడ్డు పక్కన ఉంటాయి, వాన నీళ్ళు కోసుకుంటూ పోయి లోయలు లోయలుగా అయిపోయిన ఎర్రటి ఇసుక, కొన్ని చోట్ల 30 మీటర్ల దాకా లోతుంటుంది. ప్రీ వెడ్డింగ్ షూట్ వాళ్ళకీ సినిమా వాళ్ళకీ బాగా తెలిసిన చోటు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. పేరుకి మట్టే గానీ చాలా వరకు ఇసుకే. మన తూర్పు కనుమల్లో ఖొండలైట్ అనే రాతి కొండలు అరిగి, ఆ ఇసుక గెడ్డల్లో, అంటే వాగుల్లో, కొట్టుకొచ్చి సముద్రం ఒడ్డుకి చేరి, అక్కణ్ణుంచి గాలికి ఎగిరొచ్చి దిబ్బలు కట్టింది. తర్వాత వేల ఏళ్ళ పాటు ఎండకీ వానకీ అందులో ఇనుమున్న ఖనిజాలు చివికిపోయి ఒక్కో రేణువు చుట్టూ తుప్పు పొర పట్టి ఇంత ఎర్రగా తయారయ్యింది. సుమారు 20,000 ఏళ్ళ కిందట ఐస్ ఏజ్ ముదిరినప్పుడు సముద్ర మట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందుండేది, అంటే ఇప్పుడు ఆర్కే బీచ్‌లో నిలబడి చూస్తే కనబడే నీళ్ళ కింద నేల చాలా దూరం వరకు బయటపడి ఎండిపోయి ఉండేది, ఇంక గాలికి ఇసుక కరువేముంటుంది.

ఈ ఇసుక పొరల్లో కొన్నిట్లో సున్నపు గడ్డలుంటాయి. ఉసిరికాయంతవి ఉంటాయి, పిడికిలంతవి ఉంటాయి, కొన్నైతే నిలువుగా గొట్టాల్లా దిగి ఉంటాయి, పాత చెట్ల వేర్ల చుట్టూ సున్నం పట్టి వేరు కుళ్ళిపోయాక మిగిలినవి. కాల్‌క్రీట్ అనండి, కంకర్ అనండి, ఫీల్డ్‌లో మేం మాత్రం గడ్డలనే అంటాం. పుట్టుక ఇలా: వాన నీళ్ళు నేలలోకి దిగుతాయి, వేర్లు వదిలిన కార్బన్ డయాక్సైడ్, ఆకులు అలములు కుళ్ళగా వచ్చిన కార్బన్ డయాక్సైడ్ ఆ నీళ్ళలో కలుస్తుంది, ఆ నీళ్ళు కాల్షియంని కరిగించుకుని కిందకి పోతాయి, ఎండలు ముదిరి నేల ఆరిపోయేసరికి కాల్సైట్‌గా, అంటే సున్నపు ఖనిజంగా, గడ్డకట్టేస్తుంది. ఇక్కడే డేటింగ్‌కి దారి దొరికింది. ఆ చెట్టు ఆకులు పీల్చింది అప్పటి గాలి, వేర్లు వదిలేదీ ఆ కార్బనే, అందులో కార్బన్-14 అనే, తనంతట తనే తరిగిపోయే రకం కార్బన్ కొంచెం ఉంటుంది, సున్నంలోకి వచ్చి చేరాక ఇంక కొత్తది రాదు, ఉన్నది తరుగుతూ ఉంటుంది, 5,730 ఏళ్ళకి సగం. విల్లర్డ్ లిబ్బీ 1940ల చివర్లో ఈ పద్ధతి తెచ్చాడు, 1960లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు. సుమారు 50,000 ఏళ్ళు దాటితే మిగిలేది దాదాపు ఏమీ ఉండదు కాబట్టి లెక్క అక్కడితో ఆగిపోతుంది.

వినడానికి చాలా సుఖంగా ఉంది కదా. కట్టెబొగ్గుకైతే నిజంగానే చాలా వరకు ఇంతే. సున్నానికి మాత్రం నరకం.

అన్నిటికంటే ముందు పర్మిషన్. అది రక్షిత స్థలం, మన సొంత దొడ్డి కాదు, కాగితం లేకుండా ఒక్క గడ్డ కూడా తియ్యకూడదు. మా గైడ్ సార్ పేరు మీద అప్లికేషన్ పెట్టి, అది ఒక టేబుల్ మీంచి ఇంకో టేబుల్ మీదకి వెళ్ళేసరికి ఎండాకాలం అయిపోయి వానలొచ్చేశాయి (ఏ ఆఫీసో అడక్కండి, చెప్పను). వానల్లో అక్కడ పని చెయ్యలేం, గోడలు ఊడి పడతాయి. ఆగి ఆగి చలికాలంలో వెళ్ళాం.

శాంపుల్ తియ్యడంలో తెలుసుకోవాల్సింది, కింద రాలి పడున్నవి ఏరుకోకూడదు. ఫోటోల్లో అందంగా కనబడేవి అవే, కానీ ఏ పొరలోంచి రాలాయో దేవుడికే తెలియాలి, పైగా ఏళ్ళ తరబడి వానలో నాని ఉంటాయి. గోడని లోపలికి గీకి కొత్త ముఖం బయటపడ్డాక, గడ్డ చుట్టూ ఇసుక కదలకుండా ఉందా చూసి, పై నుంచి ఎంత లోతో టేపుతో కొలిచి, ఫోటో తీసి, అప్పుడు బయటికి తియ్యాలి. గడ్డ తీసిన చోట ఇసుకలో చిన్న గుంట పడుతుంది, దాని అంచులకి తెల్లటి పొడి అంటుకుని ఉంటే ఆ గడ్డ అక్కడే పుట్టిందని ఒక గుర్తు. అంచు నున్నగా ఉండి, గడ్డ కూడా గులకరాయిలా అరిగి ఉంటే ఎక్కడి నుంచో కొట్టుకొచ్చిందేమోనని అనుమానించాలి. ఇప్పటి వేర్లు దిగిన చోటుకి దూరంగా ఉండాలి, జీడిమామిడి వేర్లు ఎంత లోతుకి పోతాయో అక్కడ చూస్తే గానీ నమ్మరు.

మేకలు కాసుకుంటున్న ఒక తాత మమ్మల్ని చాలాసేపు చూసి చూసి దగ్గరకొచ్చాడు. "ఏటమ్మా, ఆ గడ్డలట్టుకెళ్ళి ఏటి సేత్తారు?" అంటే, వయసు కడతాం తాతా అన్నాను. "రాయికి వయసేటమ్మా, మా సిన్నప్పుడు ఇయ్యి ఏరి, కాల్చి సున్నం సేసేవోరు" అన్నాడు. నవ్వుకుంటూ విన్నా గానీ నోట్‌బుక్‌లో మాత్రం రాసుకున్నా. ఎందుకంటే కాల్చిన సున్నం చల్లారాక గాల్లోంచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మళ్ళీ కాల్సైట్ అవుతుంది, పాత కోటల సున్నానికి కార్బన్ డేటింగ్ చేసేది ఈ గుణం మీదే. అంటే ఎవరో కాల్చి పారేసిన ముక్క ఒకటి మన సంచిలో పడిందంటే అది కాల్చిన నాటి వయసు చూపిస్తుంది. అందుకే పైపైన దొరికే తెల్ల ముక్కలన్నీ అక్కడే వదిలేశాం.

ఇంక అసలు పని. గడ్డని డైమండ్ బ్లేడుతో మధ్యకి కోస్తే అప్పుడు తెలుస్తుంది దాని బతుకు. బయట ఎర్రటి తొక్క, ఇసుక రేణువులు అంటుకుని గరుకుగా ఉంటుంది. లోపల బూడిద తెలుపు, సుద్దలాగా మెత్తటి నునుపు, అదే మైక్రైట్, కంటికి ఆనని చిన్న చిన్న స్ఫటికాలు. దాని మధ్యలో అక్కడక్కడ క్వార్ట్జ్ రేణువులు తేలుతున్నట్టు ఉంటాయి, ఒకటీ అరా గార్నెట్ గులాబీ రంగులో మెరుస్తుంది. ఇవన్నీ కోసుకుంటూ సన్నటి పగుళ్ళు, వాటి నిండా అద్దంలా తళతళలాడే పెద్ద స్ఫటికాలు. ఆ తళతళని చూసి చాలామంది ఇదే స్వచ్ఛమైన భాగం, దీన్నే పంపిద్దాం అనుకుంటారు. అస్సలు వద్దు. ఆ పగుళ్ళు గడ్డ గట్టిపడ్డాక వచ్చాయి, వాటిని నింపిన నీళ్ళు ఇంకా తర్వాత వచ్చాయి. అది వేరే కాలం సున్నం.

థిన్ సెక్షన్ చేయించకుండా డేటింగ్‌కి పంపకండి, నా మాట వినండి. గడ్డ ముక్కని గాజు పలక మీద అంటించి 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి మైక్రోస్కోప్ కింద చూడ్డం. మైక్రైట్ అంతా ఒకేలా ఉందా, కొంత కరిగి మళ్ళీ పెద్ద స్ఫటికాలుగా మారిందా, మధ్యలో గవ్వ ముక్కలేమైనా ఉన్నాయా అన్నీ కనబడతాయి. గవ్వల సంగతి మన దగ్గర మరీ ముఖ్యం, సముద్రం పక్కనే కదా, గాలి ఇసుకతో పాటు గవ్వ పొడి కూడా మోసుకొస్తుంది. అది నేలలో పుట్టిన సున్నం కాదు, దాని వయసు దానిదే. చాలా గవ్వలు అరగొనైట్ (అదీ సున్నమే, స్ఫటికం అమరిక వేరు), గడ్డలు కాల్సైట్, కాబట్టి ఎక్స్‌ఆర్‌డీలో, అంటే ఏ ఖనిజాలున్నాయో ఎక్స్‌రేలతో చూసే పరీక్షలో, అరగొనైట్ పీక్ కనబడిందంటే ఆ శాంపుల్ పక్కన పెట్టేయడమే. పీక్ లేనంత మాత్రాన గవ్వ లేదని కాదు, కాలం గడిచే కొద్దీ అరగొనైట్ కూడా కాల్సైట్‌గా మారిపోతుంది, అందుకే రెండూ చూడాలి.

ఇప్పుడు లెక్కలు. ఇది ఓపిగ్గా చదవండి, నాకు ఈ పని మీద ఉన్న అభిప్రాయమంతా ఇక్కడే ఉంది. అందరూ భయపడేది పాత కార్బన్ గురించి, అంటే ఎక్కడో పాత సున్నపురాయి కరిగి, కార్బన్-14 ఏమీ మిగలని ఆ చచ్చిన కార్బన్ మన గడ్డలో కలిసి వయసు పెంచేస్తుందేమో అని. కలిస్తే పెంచుతుంది, నిజమే. కానీ ఎంత? నూటికి 10 వంతులు చచ్చిన కార్బన్ కలిస్తే పెరిగేది సుమారు 850 ఏళ్ళు, గడ్డ అసలు వయసు ఎంతైనా సరే అంతే. 3,000 ఏళ్ళ గడ్డకి అది పెద్ద తప్పు, 30,000 ఏళ్ళ గడ్డకి పెద్ద లెక్కలోది కాదు. అదే కొత్త కార్బన్ చూడండి. అసలు వయసు 10,000 ఏళ్ళున్న గడ్డలోకి నూటికి ఒక్క వంతు నేటి కార్బన్ దూరితే తగ్గేది సుమారు 200 ఏళ్ళు. 40,000 ఏళ్ళ గడ్డలోకి అదే ఒక్క వంతు దూరితే వచ్చే వయసు 32,800. ఏడు వేల ఏళ్ళు గాయబ్! అసలు కార్బన్-14 ఒక్కటి కూడా మిగలని లక్షల ఏళ్ళ నాటి సున్నంలోకి దూరినా 37,000 అని చూపిస్తుంది. పాత కుండలో అడుగున గుక్కెడు నీళ్ళు మిగిలినప్పుడు పైనుంచి ఒక చెంబుడు పోస్తే ఇంక కుండలో ఉన్నవి ఎప్పటి నీళ్ళు అంటాం, అలాంటిదే ఇదీ. అందుకే మన దిబ్బల్లాంటి చోట గడ్డలకి ముప్ఫై వేలు, ముప్ఫై అయిదు వేలు అని డేట్ వస్తే నేను ముందు సంతోషించను, ముందు అనుమానిస్తాను.

ఇంకో తిరకాసు కూడా ఉంది. గడ్డ ఒక్కరోజులో పుట్టదు, వేల ఏళ్ళు పెరుగుతుంది. సగం 30,000 ఏళ్ళ కిందటిది, సగం 10,000 ఏళ్ళ కిందటిది అనుకోండి, మొత్తం నూరి పంపిస్తే సగటు 20,000 రావాలి కదా అనుకుంటాం. రాదు, 14,900 వస్తుంది. కొత్త సగంలో కార్బన్-14 చాలా ఎక్కువ మిగిలుంటుంది కాబట్టి తక్కెడ అటే మొగ్గుతుంది. ఇది ఎవరి తప్పూ కాదు, తరుగుదల లెక్కే అంత. పాత రోజుల్లో కార్బన్‌ని బెంజీన్‌గా మార్చి లిక్విడ్ సింటిలేషన్‌లో, అంటే కార్బన్-14 తరిగేటప్పుడు వచ్చే మెరుపుల్ని లెక్కపెట్టి, కొలిచేవాళ్ళు, దానికి గ్రాముల కొద్దీ కార్బన్ కావాలి, గడ్డలు గడ్డలే నూరక తప్పేది కాదు. ఏఎంఎస్ (యాక్సిలరేటర్‌తో కార్బన్-14 పరమాణువుల్ని నేరుగా లెక్కపెట్టే పద్ధతి) వచ్చాక ఒక మిల్లీగ్రామ్ కార్బన్ చాలు. సున్నంలో కార్బన్ 12 శాతమే కాబట్టి స్వచ్ఛమైన కాల్సైట్ అయితే ఎనిమిది మిల్లీగ్రాములు పైచిలుకు, మన గడ్డల్లో సగం ఇసుకే కాబట్టి దానికి రెట్టింపు. అంటే గడ్డలో ఏ మూల నుంచి తియ్యాలో మనం ఎంచుకోవచ్చు. ఎంచుకోవచ్చు అంటే ఎంచుకోవాల్సిన బాధ్యత కూడా మనదే.

డ్రిల్లింగ్‌కి పళ్ళ డాక్టర్లు వాడే డ్రిల్ ముల్లు లాంటిదే వాడాం, తక్కువ స్పీడ్‌లో. గడ్డ మధ్యలో పగుళ్ళు లేని మైక్రైట్ నుంచి ఒకటి, బయటి అంచు నుంచి ఒకటి, కావాలనే పగులు నింపిన తళతళ స్ఫటికాల నుంచి ఒకటి. సార్ మొదట ఒప్పుకోలేదు, ఒక గడ్డకి ఇన్ని డేట్లు ఎందుకమ్మా బడ్జెట్ ఏమైపోవాలి అన్నారు. గడ్డలు తగ్గిద్దాం సార్, ఒక్కో గడ్డని ఎక్కువ చూద్దాం అన్నాను. రెండ్రోజులు మాట్లాడలేదు, తర్వాత సరే కానీ అన్నారు.

డేటింగ్ చేసిన ల్యాబ్ పేరు చెప్పను, మన దేశంలో ఏఎంఎస్ ఉన్నవి కొన్ని చోట్లే, క్యూ అన్ని చోట్లా ఉంటుంది. వాళ్ళు దగ్గరుండి చూడనిచ్చారు, అది మాత్రం నా అదృష్టం. పొడి చేసిన సున్నం ఊరికే గాల్లో ఉంచినా నేటి కార్బన్ డయాక్సైడ్‌ని పైన పట్టించుకుంటుంది, నూరి డబ్బాలో పెట్టి నెలల తరబడి ఉంచిన పొడి పంపకూడదనేది అందుకే. ల్యాబ్‌లో ముందు పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో పైపొర కరిగించేసి, కడిగి ఆరబెట్టి, వెంటనే గాజు పాత్రలో పెట్టి గాలంతా లాగేస్తారు. పాత్రకి పక్కన ఒక చెయ్యి ఉంటుంది, అందులో ఫాస్ఫారిక్ యాసిడ్. పాత్రని మెల్లగా వంచితే ఆ చిక్కటి యాసిడ్ జారి పొడి మీద పడుతుంది, బుడగలు మొదలవుతాయి, ప్రెషర్ గేజ్ ముల్లు కదలడం మొదలెడుతుంది. అందులోంచి వచ్చేదే మనక్కావాల్సిన కార్బన్ డయాక్సైడ్. దాన్ని ముందు నీటి ఆవిరి పట్టేసే చల్లటి ట్రాప్‌లోంచి, తర్వాత మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచిన గాజు గొట్టంలోకి పంపిస్తే గోడకి తెల్లటి మంచులా గడ్డకడుతుంది. దాన్ని హైడ్రోజన్‌తో కలిపి ఇనుప పొడి సమక్షంలో 550, 600 డిగ్రీల దగ్గర వేడి చేస్తే గ్రాఫైట్ అవుతుంది. ఇన్నేసి తిప్పలు పడ్డాక చేతికొచ్చేది నల్లటి పొడి, గోరు చివర పట్టేంత. అది అల్యూమినియం హోల్డర్‌లోకి నొక్కితే యాక్సిలరేటర్‌కి రెడీ.

మన శాంపుల్స్‌తో పాటే కార్బన్-14 లేదని తెలిసిన కరారా పాలరాయి ముక్కని కూడా అచ్చంగా అలాగే కడిగి, కరిగించి, గ్రాఫైట్ చేసి కొలుస్తారు. అందులో కూడా కొంచెం కార్బన్-14 కనబడుతుంది, అదంతా మన చేతుల్లోంచి, గాల్లోంచి, గొట్టాల్లోంచి దూరిందే, దాన్ని లెక్కలోంచి తీసేస్తారు. అవతలి చివర పోల్చుకోడానికి ఆక్సాలిక్ యాసిడ్ స్టాండర్డ్, ఇప్పుడు వాడేది 1977లో ఫ్రాన్స్‌లో పండిన బీట్ దుంపల మొలాసిస్ నుంచి చేసింది. భీమిలి గడ్డకి ఫ్రాన్స్ బీట్ దుంపతో వయసు కట్టడం నాకు భలే నచ్చింది.

ఒక గడ్డకి మాత్రం యాసిడ్‌లో రెండు విడతలుగా గ్యాస్ పట్టించుకున్నాం, ముందు కరిగినది ఒకటి, ఆఖర్న కరిగినది ఒకటి. రెండూ ఒకే వయసు చూపిస్తే లోపలికి కొత్తది దూరలేదని కొంత ధైర్యం. చూపించలేదు. ముందు విడత చాలా చిన్న వయసు చూపించింది, ఆఖరి విడత పెద్దది, ఎర్రర్ బార్లు, అంటే ప్లస్ ఆర్ మైనస్ హద్దులు, దరిదాపుల్లో కూడా కలవలేదు. ఆ గడ్డని పక్కన పెట్టేశాం. ఇంకో గడ్డలో మధ్య భాగం పెద్దది, అంచు దానికంటే చిన్నది, పగులు నింపిన స్ఫటికాలు అన్నిటికంటే చిన్నవి, అంటే క్రమం సరిగ్గా ఉంది. దాన్నే థీసిస్‌లో ముందు పెట్టాను. ఆ ఒక్క గడ్డని మొత్తం నూరి పంపి ఉంటే ఒక నంబర్ వచ్చేది, ప్లస్ ఆర్ మైనస్ కూడా చిన్నగా ముద్దుగా ఉండేది, అది గడ్డలో ఏ భాగం వయసూ అయ్యుండేది కాదు.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, ఇంతకీ దిబ్బలు ఎన్నేళ్ళ నాటివే అని. గడ్డ వయసు దిబ్బ వయసు కాదమ్మా, ఇసుక వచ్చి పడి, దిబ్బ నిలబడి, చెట్లు మొలిచి, సున్నం దిగాక గడ్డ పుట్టింది, కాబట్టి దిబ్బ దీనికంటే పాతది అని మాత్రం చెప్పగలం అన్నాను. "ఢిల్లీలూ అహ్మదాబాదులూ ఫోన్లు చేసి ఇంత చదివి, దీనికంటే పాతది అని చెప్పడమేంటే" అంది. మా నాన్నయితే పేపర్ లోంచి తల కూడా ఎత్తలేదు.

రిజల్ట్ రాసేటప్పుడు కూడా జాగ్రత్త. ల్యాబ్ ఇచ్చే వయసు బీపీలో ఉంటుంది, అంటే 1950 నుంచి వెనక్కి, అదీ లిబ్బీ వాడిన 5,568 ఏళ్ళ హాఫ్ లైఫ్‌తో కట్టింది, రివాజు అలా వచ్చేసింది. దాన్ని ఇంట్‌కాల్20 కర్వ్‌తో (చెట్ల వలయాల్లాంటి వయసు తెలిసిన వాటితో కట్టిన పోలిక గీత) క్యాలిబ్రేట్ చేస్తే, అంటే సరిచూస్తే గానీ క్యాలెండర్ ఏళ్ళు రావు, ఆ కర్వ్ 55,000 ఏళ్ళ వరకే ఉంది. సున్నానికి క్యాలిబ్రేట్ చేసినంత మాత్రాన పైన చెప్పిన రోగాలేవీ నయం కావు, అదొకటి గుర్తుంచుకోండి. కార్బన్-13 (తరగని ఇంకో రకం కార్బన్, అప్పటి మొక్కల రకం చెప్పేది) విలువ ఏఎంఎస్ షీట్‌లో ఒకటి వస్తుంది, దాన్ని పట్టుకుని అప్పట్లో గడ్డి ఎక్కువా చెట్లు ఎక్కువా అని రాసేయకండి, అందులో గ్రాఫైట్ చేసేటప్పుడూ మెషీన్‌లోనూ వచ్చిన తేడాలు కలిసుంటాయి. వేరే ముక్క ఐఆర్ఎంఎస్ అనే, ఈ కార్బన్ రకాల నిష్పత్తి కొలిచే మెషీన్‌లో విడిగా కొలిపించాలి. అచ్చంగా చెట్ల నేలలో పుట్టిన సున్నానికి (వెయ్యికి ఇన్ని వంతులు అనే లెక్కలో) మైనస్ 12 దరిదాపుల్లో, ఎండదేశపు గడ్డి నేలలో పుట్టినదానికి ప్లస్ 2 దరిదాపుల్లో వస్తుంది, మన గడ్డలవి మధ్యలో ఎక్కడో ఊగుతున్నాయి.

ఇసుక ఎప్పుడొచ్చి పడిందో తెలియాలంటే ఓఎస్ఎల్ చెయ్యాలి, క్వార్ట్జ్ రేణువు ఆఖరుసారి ఎండ చూసి ఎన్నేళ్ళయిందో చెప్పే పద్ధతి. దానికి ఇనుప గొట్టం గోడలోకి కొట్టి, వెలుతురు తగలకుండా రెండు వైపులా మూసి తీసుకెళ్ళాలి. గడ్డ తీసిన పొర నుంచే ఆ గొట్టం కూడా తీశాం. ఇసుక వయసు గడ్డ వయసు కంటే ఎక్కువ రావాలి, తక్కువొస్తే రెండిట్లో ఒకటి తేడా. ఆ రిజల్ట్స్ ఇంకా రాలేదు. వచ్చే లోపు గడ్డలు పంపే పనిలో ఉన్నవాళ్ళెవరైనా ఉంటే మీ థిన్ సెక్షన్ ఫోటోలు నాకు పంపండి, ఏ భాగం డ్రిల్ చెయ్యొచ్చో కూర్చుని చూద్దాం.